పూలమొక్కల మీద తెల్లదోమ: సీమ పెరళ్లలోనూ మిద్దె తోటల్లోనూ అదుపు చేసే పద్ధతి

అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లో పెరట్లోనో మిద్దె మీదనో నాలుగు మందార మొక్కలు, ఒక నందివర్ధనం, రెండు కుండీల జెర్బెరా పెంచుకునే ఇళ్లలో శివరాత్రి దాటగానే మొదలయ్యే ఫిర్యాదు ఒకటే. కొమ్మను కదిలిస్తే తెల్లటి చిన్న పురుగులు గుంపుగా లేచి, క్షణంలో మళ్లీ అదే కొమ్మ మీద వాలతాయి. ఆకులు పచ్చదనం తగ్గి పాలిపోతాయి, కింది ఆకుల మీద జిగురు పేరుకుంటుంది, కొన్నాళ్లకు ఆ జిగురు మీద నల్లటి మసి కమ్ముకుంటుంది. ఈ దశలో చాలామంది దుకాణానికి వెళ్లి ఏదో ఒక మందు తెచ్చి పైనుంచి పిచికారీ చేస్తారు. రెండు రోజులు పురుగు కనిపించదు, వారం తిరిగేసరికి మునుపటి కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇలా జరగడానికి కారణం మందు బలహీనమైనది కావడం కాదు. ఎగిరే పురుగును చూసి మనం యుద్ధం ప్రకటిస్తాం గాని, అసలు సంతతి అంతా ఆకు అడుగున కదలకుండా కూర్చుని ఉంటుంది. తెల్లదోమను అదుపు చేయడమంటే ఆకు అడుగుభాగాన్ని వరుసగా మూడు నాలుగు వారాలపాటు విడవకుండా చూసుకోవడమే. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఆ ఒక్క పని చుట్టూ తిరుగుతాయి.

ముందుగా పురుగును గుర్తుపట్టడం

తెల్లదోమ పేరుకు దోమే గాని పేనుబంక, పిండినల్లి వంటి రసం పీల్చే పురుగుల జాతికి చెందినది. పెద్ద పురుగు సుమారు ఒక మిల్లీమీటరు పొడవుంటుంది, రెక్కల మీద తెల్లటి మైనపు పొడి ఉంటుంది. వేసవి వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, చలికాలంలో నెల దాటుతుంది. తల్లి పురుగు లేత ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల పురుగు కొద్ది దూరం మాత్రం పాకి, నచ్చిన చోట నోటి సూదిని ఆకులో గుచ్చుకుని అక్కడే స్థిరపడుతుంది. అప్పటినుంచి రెక్కలు వచ్చేదాకా అది కదలదు. చివరి దశలో, అంటే కోశస్థ దశలో, ఆహారం కూడా మానేసి రెక్కలు రావడానికి సిద్ధమవుతుంది.

దీన్ని దగ్గరగా చూడడానికి వాచీలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం చాలు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పురుగులు ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు మందార ఆకును మెల్లగా తిప్పి చూడండి. ఈనెల పక్కన గుండుసూది మొన కంటే చిన్నగా, కోలగా, పసుపుపచ్చని పలుచని పొలుసులు అంటుకుని కనిపిస్తాయి. వేలితో తోస్తే జరగవు. అవే పిల్ల పురుగులు. కొన్ని పొలుసులు ఖాళీగా, గాజులా పారదర్శకంగా ఉంటాయి. ఆ ఖాళీ డొల్ల మీద చీలిక ఇంగ్లీషు అక్షరం టీ ఆకారంలో ఉంటే అందులోంచి తెల్లదోమ బయటికి వెళ్లిపోయిందని అర్థం. చీలికకు బదులు గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే అందులోంచి వచ్చింది తెల్లదోమ కాదు, దాన్ని లోపలినుంచి తినేసిన అతి చిన్న పరాన్నజీవి కందిరీగ. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మందు కొట్టాలా వద్దా అనే నిర్ణయం ఒక్కోసారి దీని మీదే ఆధారపడుతుంది.

పిండినల్లితో దీన్ని పొరబడకూడదు. పిండినల్లి కణుపుల దగ్గర దూదిలా గుంపు కడుతుంది, ఎగరదు. తామర పురుగు పూల రేకుల మధ్య సన్నగా పొడవుగా కనిపిస్తుంది, ఆకు అంచులను పైకి ముడుస్తుంది. కొమ్మ కదిలించగానే ఎగిరి మళ్లీ అక్కడే వాలేది తెల్లదోమ ఒక్కటే.

మన ప్రాంతంలో మరో రకం తెల్లదోమ కూడా ఉంది. జామ, బొప్పాయి, దేవగన్నేరు, మందార ఆకుల అడుగున తెల్లటి మైనంతో చక్రాలు చుట్టినట్టు గుడ్లు పెట్టేది సర్పిలాకార తెల్లదోమ. ఇది 1993లో కేరళలో మొదట కనిపించి దక్షిణ భారతమంతా వ్యాపించింది. దానికి దగ్గరి బంధువైన రూగోస్ తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడి, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు చేరింది. ఇంటి ముందు కొబ్బరి చెట్టు ఉండి దాని ఆకుల అడుగు తెల్లగా మైనం పట్టి ఉంటే, దాని నీడలో ఉన్న హెలికోనియా, మెట్టతామర వంటి అలంకరణ మొక్కల ఆకులు కూడా తిప్పి చూడాలి. వీటి మైనపు పూత దట్టంగా ఉంటుంది కాబట్టి ముందు నీటిధారతో ఆ పూతను కడిగితే తప్ప ఏ ద్రావణమూ పురుగుకు తగలదు. మిగతా పద్ధతి అంతా ఒకటే.

ఎప్పుడు, ఎక్కడినుంచి వస్తుంది

పొడి వాతావరణం, వేడి, వాన లేకపోవడం, ఈ మూడూ తెల్లదోమకు అనుకూలం. ఈ మూడూ సీమలో దండిగా ఉంటాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు ఒక ఉధృతి, వానలు వెనకపట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో మరో ఉధృతి సాధారణం. గట్టి వాన ఒకటి పడితే పెద్ద పురుగులు చాలావరకు కొట్టుకుపోతాయి, అయితే అడుగున అతుక్కున్న పిల్ల పురుగులు మిగిలిపోతాయి కాబట్టి వాన పడింది గదా అని పరీక్ష మానకూడదు.

ఊరి చుట్టూ ఏ పంట ఉందో కూడా గమనించాలి. కర్నూలు, ఆదోని వైపు పత్తి చేలు ఎండే కాలంలోనూ, అనంతపురం, కడప వైపు టమాట, వంగ, బెండ తోటలు తీసివేసే సమయంలోనూ అక్కడి తెల్లదోమ తిండి వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఊరి చివర ఇళ్లకు ఈ బెడద ఎక్కువ. పక్క పొలంలో పంట పీకుతున్నారని తెలిస్తే ఆ రెండు వారాలు రోజు విడిచి రోజు ఆకులు చూసుకోవడం మంచిది. ప్రహరీ బయట పెరిగిన తుత్తురుబెండ, వయ్యారిభామ, లంటానా వంటి మొక్కలు ఏడాది పొడవునా దీనికి ఆశ్రయం ఇస్తాయి. లోపల ఎంత శుభ్రం చేసినా గోడ అవతల ఇవి ఉన్నంతకాలం పురుగు తిరిగి వస్తూనే ఉంటుంది.

పూలమొక్కల్లో మందార, జెర్బెరా, జినియా, పాయిన్‌సెట్టియా, లంటానా, చామంతి, పెటూనియా, గులాబీ మీద దీని దాడి ఎక్కువగా చూస్తాం. మల్లె, నందివర్ధనం మీద కూడా వస్తుంది. రసం పీల్చడం వల్ల కలిగే నష్టం ఒక ఎత్తు, వైరస్ తెగుళ్లను మోసుకురావడం మరో ఎత్తు. జినియాలో ఆకులు కిందికో పైకో ముడుచుకుని, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చిన ఆకుముడత వైరస్ కావచ్చు. వైరస్ సోకిన మొక్కకు ఏ మందూ లేదు. దాన్ని వేరుతో సహా పీకి పారవేయడమే మిగతా మొక్కలకు మేలు. మనసు ఒప్పకపోయినా ఈ పని ఆలస్యం చేయకూడదు.

మొదటి మెట్టు: వారానికొకసారి ఆకు తిప్పి చూడడం

వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, ప్రతి మొక్కలోనూ పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి చొప్పున మూడు ఆకులు తిప్పి చూడాలి. పెద్ద పురుగులు, గుడ్లు పైనున్న లేత ఆకుల మీద ఉంటాయి. మొక్క పెరిగేకొద్దీ ఆ ఆకులు కిందికి జరుగుతాయి కాబట్టి పిల్ల పురుగులు మధ్య ఆకుల్లోనూ, కోశాలు, ఖాళీ డొల్లలు ముదురు ఆకుల్లోనూ కనిపిస్తాయి. కేవలం కొస చిగుళ్లను చూసి మొక్క బాగుందనుకోవడం తగదు. చూసిన సంగతిని ఒక పాత క్యాలెండరు మీదనైనా రాసిపెట్టుకుంటే, తరువాత చేసే చికిత్స పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది.

రెండో మెట్టు: వేరుచేయడం, ఆకులు తుంచడం

పురుగు పట్టిన కుండీని మిగతావాటికి దూరంగా, వీలైతే గాలి వీచే దిశకు చివర పెట్టాలి. పిల్ల పురుగులు దట్టంగా ఉన్న కింది ఆకులను తెల్లవారుజామునే తుంచాలి, ఎండెక్కాక తుంచితే పెద్ద పురుగులు ఎగిరి పక్క మొక్కలకు చేరతాయి. తుంచిన వాటిని వెంటనే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, రెండు మూడు రోజులు ఎండలో పడేయాలి. మన ఎండకు లోపల ఏదీ బతకదు. ఆ తరువాతే ఎరువు గుంటలో వేయవచ్చు. ఒకేసారి మొక్కలోని ఆకుల్లో మూడోవంతు మించి తీయవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మందారను మొదలంటా కత్తిరిస్తే కాండం ఎండకు మాడిపోతుంది, కాబట్టి గట్టి కత్తిరింపు తొలకరి వానల దాకా ఆపాలి.

మూడో మెట్టు: నీటిధార

ఖర్చు లేని ఈ పనిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి పది కుండీలున్న ఇంట్లో సగం సమస్య దీనితోనే తీరుతుంది. పైపు చివర వేలితో నొక్కి ధారను బలంగా చేసి, ఒక చేత్తో కొమ్మను పట్టుకుని, కింది నుంచి పైకి, ఆకు అడుగుకు తగిలేలా కొట్టాలి. పెద్ద పురుగులు, అప్పుడే పుట్టి పాకుతున్న పిల్లలు కొట్టుకుపోతాయి, జిగురు కూడా కరిగిపోతుంది. వారానికి రెండు మూడు సార్లు, పొద్దున పూట చేస్తే ఆకులు త్వరగా ఆరుతాయి. నీటికి కటకటలాడే మన ఊళ్లలో ఇది దుబారా అనిపించవచ్చు. కుండీకి నీళ్లు పోసే రోజే, ఆ నీళ్లనే ఆకుల మీదుగా కుండీలోకి దిగేలా కొడితే అదనంగా ఒక చెంబు కూడా ఖర్చు కాదు. దీనివల్ల ఆకుల మీది దుమ్ము కూడా పోతుంది. దుమ్ము పట్టిన ఆకుల మీద మిత్ర పురుగులు సరిగా తిరగలేవు, అందుకే రోడ్డు పక్క ఇళ్లలో రసం పీల్చే పురుగులు ఎక్కువగా ఉంటాయి.

నాలుగో మెట్టు: పసుపు రంగు జిగురు అట్టలు

తెల్లదోమ పసుపు రంగుకు ఆకర్షితమై వచ్చి అంటుకుంటుంది. దుకాణంలో దొరికే అట్టలు వాడవచ్చు, లేదా పాత డబ్బా మూతకు పసుపు పెయింటు వేసి, ఆరాక ఆముదం పల్చగా పూసి వేలాడదీయవచ్చు. అట్ట కింది అంచు మొక్క చిగురుకు జానెడు పైన ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఐదారు కుండీలకు ఒకటి చాలు. జూన్ నుంచి ఆగస్టు వరకు అనంతపురంలో వీచే గాలికి అట్ట మీద రెండు రోజుల్లోనే దుమ్ము పట్టి జిగురు పనిచేయదు, కాబట్టి ఆ నెలల్లో తరచుగా తుడిచి మళ్లీ ఆముదం పూయాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అట్టలతోనే తెల్లదోమ పోతుందని చాలాచోట్ల చెబుతుంటారు. అట్టకు అంటుకునేది ఎగిరే పురుగు మాత్రమే, అదీ అప్పటికే కొన్ని గుడ్లు పెట్టినది కావచ్చు. అట్ట ప్రధానంగా హెచ్చరిక ఇచ్చే సాధనం. పురుగు తగ్గాక కూడా అట్టలు వేలాడుతూ ఉంటే పరాన్నజీవి కందిరీగలు కూడా అంటుకుని చస్తాయి, కాబట్టి ఉధృతి తగ్గగానే ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి.

ఐదో మెట్టు: సబ్బు నీళ్లు, వేపనూనె, వాటికంటే ముందు మన నీళ్లు

సబ్బు ద్రావణం పిల్ల పురుగు శరీరం మీది మైనపు పూతను చెరిపి, దాన్ని ఎండిపోయేలా చేస్తుంది. తడిగా ఉన్నంతసేపే దాని పని, ఆరిన తరువాత ప్రభావం ఉండదు. అందుకే పొద్దు వాలాక, నెమ్మదిగా ఆరే వేళలో కొట్టాలి, పురుగుకు నేరుగా తగిలేలా కొట్టాలి.

సీమలో సబ్బు ద్రావణం విఫలమవడానికి ప్రధాన కారణం బోరు నీళ్లు. మన బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెల్లటి గడ్డల్లా విరిగిపోతాయి, మొక్క మీద పడేది సబ్బు శక్తి లేని తెట్టు మాత్రమే. పరీక్షించడం సులభం. ఒక పారదర్శకమైన సీసాలో బోరు నీళ్లు సగం నింపి, నాలుగు చుక్కల ద్రవ సబ్బు వేసి బాగా ఊపండి. నురగ నిలవకుండా, పైన తెల్లటి పొరలు తేలితే ఆ నీళ్లు పిచికారీకి పనికిరావు. పట్టిపెట్టుకున్న వాన నీళ్లు అన్నిటికంటే మేలు. అవి లేకపోతే తాగడానికి తెచ్చుకునే శుద్ధి చేసిన క్యాన్ నీళ్లు వాడాలి, పది కుండీలకు రెండు లీటర్లు చాలు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే వృథా నీళ్లను మాత్రం దీనికి వాడవద్దు, వాటిలో లవణాలు బోరు నీళ్ల కంటే చిక్కగా ఉంటాయి.

మొక్కల కోసం అమ్మే పొటాషియం సబ్బును లీటరుకు 5 మిల్లీలీటర్లతో మొదలుపెట్టాలి. బట్టలు ఉతికే డిటర్జెంటు పొడి వాడకూడదు, దానిలోని సోడా, ఇతర రసాయనాలు ఆకులను మాడుస్తాయి. ఏ ద్రావణమైనా ముందు రెండు మూడు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడాలి. పాయిన్‌సెట్టియా, ఫెర్నుల వంటి సున్నితమైన మొక్కలకు మరుసటి ఉదయం మంచినీళ్లతో ఆకులు కడగడం మంచిది.

వేపనూనె రెండు విధాలుగా పనిచేస్తుంది. నూనె పురుగు శ్వాసరంధ్రాలను మూసేస్తుంది, అందులోని అజాడిరక్టిన్ పిల్ల పురుగు కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుకుంటుంది, పెద్ద పురుగు గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తుంది. దుకాణంలో దొరికే 1500 పీపీఎం (అజాడిరక్టిన్ ఎంత ఉందో చెప్పే కొలత) వేపనూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలపాలి. 10,000 పీపీఎం రకమైతే లీటరుకు 1 నుంచి 2 మిల్లీలీటర్లు సరిపోతుంది. గానుగలో ఆడించిన పచ్చి వేపనూనె నీటిలో కలవదు. 5 మిల్లీలీటర్ల నూనెకు 1 నుంచి 2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు తీసుకుని, ముందు సబ్బును కొద్దిపాటి గోరువెచ్చని నీళ్లలో కలిపి, అందులో నూనె కొద్దికొద్దిగా పోస్తూ చిలకాలి. పాలలా తెల్లబడ్డాక మిగతా నీళ్లు పోయాలి. నూనె పైకి తేలుతుంటే ఆ ద్రావణం కొట్టవద్దు, ఆకులు కాలతాయి. కలిపిన ద్రావణాన్ని ఆ పూటే వాడేయాలి.

అజాడిరక్టిన్ ఎండకూ, క్షారం ఎక్కువగా ఉన్న నీళ్లకూ త్వరగా విరిగిపోతుంది. నీళ్లలోనే కలిసేలా తయారుచేసి అమ్మే వేపమందుకు నీళ్లలో ముందుగా కొన్ని చుక్కల నిమ్మరసం పిండి, నీళ్ల పులుపు, క్షార గుణం చూపే పీహెచ్ కాగితంతో చూసుకుని 6, 6.5 మధ్యకు తేవచ్చు. సబ్బు కలిసిన ద్రావణంలో మాత్రం నిమ్మరసం పోయకూడదు, పులుపు తగిలితే సబ్బు విరిగిపోతుంది. ఈ రెంటినీ కలగలిపి చెప్పే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి, వాటిని పట్టించుకోవద్దు.

ఊళ్లలో ఉండేవారు ఆషాఢ మాసంలో రాలే వేపకాయలను ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపడా మందు ఇంట్లోనే ఉంటుంది. 50 గ్రాముల వేపపప్పును పొడి చేసి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా కొద్ది నీళ్లలో నానబెట్టి, పొద్దున ఆ మూటను పదేపదే పిండి, మొత్తం లీటరు అయ్యేలా నీళ్లు చేర్చి, కొద్దిగా సబ్బు కలిపితే అది 5 శాతం వేపగింజల కషాయం. వడకట్టిన తరువాత సాయంత్రం పిచికారీ చేయాలి.

ఆరో మెట్టు: కొట్టే తీరు, తిరిగి కొట్టే లెక్క

పిచికారీకి ముందు రోజు మొక్కకు బాగా నీళ్లు పెట్టాలి, దాహంతో వాడిన మొక్క మీద నూనె గాని సబ్బు గాని పడితే ఆకులు మాడతాయి. పిచికారీ గన్ను మూతిని పైకి తిప్పి, మొక్క అడుగునుంచి మొదలుపెట్టి, ప్రతి ఆకు వెనకభాగం తడిసి చుక్కలు రాలే దాకా కొట్టాలి. చేతితో కొట్టే చిన్న గన్ను చాలు, అయితే ఓపిక కావాలి. ఒక నడితరం మందార మొక్కకు అర లీటరు ద్రావణం ఖర్చు కాకపోతే ఆకు అడుగు తడవలేదని అనుకోవచ్చు. మధ్యాహ్నం ఎండలో ఎప్పుడూ కొట్టవద్దు. విచ్చిన పూల మీద పడకుండా చూసుకోవాలి, తేనెటీగలు ఇంటికి మళ్లిన తరువాతే పని మొదలుపెట్టాలి.

ఒక్కసారి కొట్టి ఊరుకోవడం దాదాపు కొట్టకపోవడంతో సమానం. సబ్బు, వేప లేత పిల్ల పురుగులను చంపుతాయి గాని గుడ్లనూ ముదిరిన కోశాలనూ పెద్దగా చంపలేవు. మొదటి రోజు తప్పించుకున్న గుడ్లు వారం లోపల పొదుగుతాయి, కోశాల్లోంచి వచ్చిన పెద్ద పురుగులు మళ్లీ గుడ్లు పెడతాయి. అందుకే వేసవిలో ఐదు రోజులకొకసారి, చలికాలంలో వారానికొకసారి చొప్పున కనీసం నాలుగు విడతలు కొట్టాలి. ఉదాహరణకు మార్చి 1న మొదలుపెడితే 6, 11, 16 తేదీల్లో తరువాతి విడతలు పడాలి. మూడో విడతకు పురుగు కనిపించకపోయినా నాలుగోది ఆపవద్దు. నాలుగో విడత అయిన వారం తరువాత మధ్య ఆకులు తిప్పి చూసి, కదలని పసుపు పొలుసులు కొత్తగా కనిపిస్తేనే మళ్లీ కొనసాగించాలి. విడతకూ విడతకూ మధ్య నీటిధార కొట్టవచ్చు, పిచికారీ చేసిన మరుసటి రోజు మాత్రం, సున్నితమైన మొక్కలను కడగడం మినహా, వద్దు.

మిత్ర పురుగులకు చోటివ్వడం

అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పరాన్నజీవి కందిరీగలు మన తోటల్లో తమంతట తామే ఉంటాయి. సన్నని దారపు పోగు చివర నిలబెట్టినట్టున్న తెల్లని గుడ్లు ఆకు మీద కనిపిస్తే అవి అల్లిక రెక్కల పురుగువి, వాటిని తుడిచేయవద్దు. పొలుసుల్లో చాలావరకు గోధుమ రంగుకో నలుపుకో తిరిగి ఉన్నా, డొల్లల మీద గుండ్రటి రంధ్రాలు ఎక్కువగా ఉన్నా, కందిరీగలు పని మొదలుపెట్టాయని గ్రహించి పిచికారీ ఆపి, నీటిధారతోనే సరిపెట్టుకోవాలి.

ఈ మిత్రులకు పెద్ద ఆటంకం చీమలు. తెల్లదోమ విడిచే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాసి మిత్ర పురుగులను తరిమేస్తాయి. కుండీ పెట్టిన స్టాండు కాళ్ల కింద నీళ్లు పోసిన మూకుళ్లు పెట్టినా, కాళ్లకు గ్రీజు పూసినా చీమలు ఎక్కలేవు. నేల మీది చెట్టయితే మొదలుకు ఒక గుడ్డపట్టీ చుట్టి దాని మీద గ్రీజు పూయాలి, నేరుగా బెరడుకు పూయకూడదు.

వర్టిసిలియం లెకాని, బవేరియా బాసియానా వంటి శిలీంధ్ర మందులు లీటరుకు 5 గ్రాముల చొప్పున వాడతారు. అవి మొలకెత్తి పురుగును పట్టడానికి గాలిలో తేమ కావాలి. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, వాన ముసురు ఉన్న సాయంత్రాల్లో ఫలితం బాగుంటుంది. ఏప్రిల్ ఎండల్లో అనంతపురంలో వాటికి డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా.

రసాయన మందులు: ఎప్పుడు, ఏ హద్దుల్లో

మిద్దె మీద పూలకుండీల పక్కనే తులసి, కరివేపాకు, పుదీనా ఉంటాయి. పూలు దేవుడి పటానికీ తలలోకీ వెళతాయి. చిన్నపిల్లలు అదే మిద్దె మీద ఆడుకుంటారు. అందువల్ల ఇళ్లలో రసాయన మందు అవసరం చాలా అరుదని నా గట్టి అభిప్రాయం. అమ్మకానికి చామంతి, గులాబీ సాగు చేసే రైతు పరిస్థితి వేరు. వారైనా పై మెట్లు ముందు పాటించి, నాలుగు విడతల తరువాత కూడా పిల్ల పురుగుల సంఖ్య తగ్గకపోతేనే మందు వైపు చూడాలి.

ఎంచుకునేటప్పుడు పిల్ల దశను ఆపే మందులకు ప్రాధాన్యం ఇవ్వాలి. పైరిప్రాక్సిఫెన్, బ్యూప్రోఫెజిన్, స్పైరోమెసిఫెన్ ఆ కోవకు చెందినవి, మోతాదును డబ్బా మీది కరపత్రం ప్రకారమే పాటించాలి. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సాం, ఎసిటామిప్రిడ్ పేర్లు వేరైనా ఒకే వర్గానికి చెందినవి. ఒకటి పనిచేయలేదని దాని స్థానంలో మరొకటి కొట్టడం మందు మార్చినట్టు కాదు, పురుగులో నిరోధకతను పెంచినట్టు. పైగా ఇవి మొక్క రసంలో కలిసి పూల పుప్పొడిలోకి, మకరందంలోకి చేరి తేనెటీగలకు హాని చేస్తాయి కాబట్టి పూత మీదున్న మొక్కలకు వాడకూడదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహాలోత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే మిత్ర పురుగులు చచ్చి తెల్లదోమ మరింత విజృంభిస్తుంది, పత్తి రైతులకు ఇది అనుభవమే. ఇంట్లో దోమల కోసం వాడే స్ప్రేలను మొక్కల మీద కొట్టడం కూడా మానాలి, వాటిలోని ద్రావకాలు ఆకులను కాలుస్తాయి.

డబ్బా మీది త్రిభుజం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తులున్న డబ్బాలను ఇంటికి తేకూడదు. గాలి ఎక్కువగా ఉన్న రోజు కొట్టితే పక్కింటి మిద్దె మీద ఆరేసిన వడియాల మీద పడుతుంది, ఆషాఢ గాలుల్లో ఇది తప్పక జరుగుతుంది. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మందును తాగునీటి సీసాల్లోకి, కూల్‌డ్రింకు సీసాల్లోకి ఎన్నడూ మార్చి పెట్టవద్దు.

మళ్లీ రాకుండా

నర్సరీలో మొక్క కొనేటప్పుడు పూలను చూసే ముందు ఆకు తిప్పి చూడాలి, కుండీని ఒకసారి కుదపాలి. ఇంటికి తెచ్చిన కొత్త మొక్కను మూడు వారాలు విడిగా పెట్టి, రెండుసార్లు పరీక్షించాకే మిగతావాటి సరసన చేర్చాలి. గుడ్డు రూపంలో వచ్చిన పురుగు కూడా ఆ గడువులో బయటపడుతుంది. యూరియా ఎక్కువ వేస్తే మొక్క మెత్తటి చిగుళ్లు తొడిగి తెల్లదోమను పిలుస్తుంది, దానికి బదులు పశువుల ఎరువు, వేపపిండి, కానుగ పిండి కొద్దికొద్దిగా వేయడం మేలు. కుండీలు ఒకదానికొకటి ఆకులు తగలకుండా జరిపి పెట్టాలి. చామంతి, జినియా నారు పోసుకునేవారు నారుమడి మీద 40 మెష్ (అంగుళానికి 40 కన్నులుండే) వల కప్పితే వైరస్ బెడద చాలావరకు తప్పుతుంది.

పురుగు పోయాక ఆకుల మీద మిగిలిన మసిని సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగేయవచ్చు. జిగురు ఆగిపోతే మసి కొత్తగా రాదు, దానికోసం ప్రత్యేకంగా శిలీంధ్రనాశిని కొట్టనవసరం లేదు. పాలిపోయిన ముదురు ఆకులు మళ్లీ పచ్చబడవు, కొత్త చిగురు ఆరోగ్యంగా వస్తుంటే చికిత్స ఫలించినట్టే. చిగురు కూడా ముడుచుకుని వస్తుంటే, లేదా పురుగు ఏ రకమో తేల్చుకోలేకపోతే, నమూనా పట్టుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లడం మంచిది. అనంతపురం వారికి రెడ్డిపల్లిలోనూ, కర్నూలు వారికి బనవాసిలోనూ, కడప వారికి ఊటుకూరులోనూ ఈ కేంద్రాలున్నాయి. లేత ఆకు ఒకటి, మధ్య ఆకు ఒకటి, ముదురు ఆకు ఒకటి పొద్దున్నే కోసి, తడి లేకుండా వార్తాపత్రిక కాగితంలో మడిచి, ఆ రోజే తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే చెమర్చి కుళ్లిపోయి, పొలుసులను గుర్తుపట్టడం కష్టమవుతుంది. అప్పటిదాకా ఏమేమి, ఎంత మోతాదులో, ఏ తేదీల్లో కొట్టారో రాసిపెట్టుకున్న క్యాలెండరు కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.